ఒక్క గంజులో పెద్దకూర, బొబ్బర్లు



మన ఆర్మూరు పసుపుకు పేరు పొందిన ఊరు. చలి తగ్గే రోజుల్లో పసుపు తవ్వుతారు. కొమ్ములు ఉడకబెడతారు. ఎండబెడతారు. ఈ పనుల్లో ఎక్కువగా కనిపించేది ఎవరు? మనమే. పసుపు పని లేని రోజుల్లో బీడీలు చుట్టేది ఎవరు? అదీ మనమే. ఇంత పని చేసే ఒంటికి ఎంత తిండి కావాలి? ఎలాంటి తిండి కావాలి?

ఒకరోజు రాత్రి మా చదువు కేంద్రంలో ఈ మాట వచ్చింది. "ఆదివారం మీ ఇంట్ల ఏం వండిన్రు?" అని అడిగాను. కొందరు కోడికూర అన్నారు. కొందరు పప్పు అన్నారు. వెనుక కూర్చున్న ఒక అక్క ఏమీ అనలేదు. మళ్ళీ అడిగితే మెల్లగా చెప్పింది.

"పెద్దకూర వండిన టీచరమ్మా. బొబ్బర్లు ఏసి వండిన."

"గంత మెల్లగ చెప్తున్నవేంది అక్కా?" అన్నాను.

"ఎవరేమనుకుంటరో అని" అన్నది.

తినేవాళ్ళు తింటారు. తిననివాళ్ళు తినరు. ఎవరి వంట వాళ్ళది. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. ఆ అక్క వంట మంచి వంట. ఒక్క గంజులో ఇల్లంతటికీ బలమైన కూర. అది ఎలా వండాలో, ఎందుకు మంచిదో ఇక్కడ చదువుదాం.

ఏ మాంసం?

మన దగ్గర 1977లో వచ్చిన చట్టం ఉంది. ఆ చట్టం ప్రకారం ఆవును కోయరాదు. దూడలను కోయరాదు. ఎద్దును, బర్రెను, దున్నను కోయాలంటే అధికారి పరీక్ష చేసి కాగితం ఇవ్వాలి. బజారులో పెద్దకూర అని అమ్మేది ఎక్కువగా బర్రె, దున్న మాంసమే. తెలిసిన దుకాణంలోనే కొనండి. మాంసం ఎర్రగా ఉండాలి. వాసన రాకూడదు. వేలితో నొక్కితే జిగురుగా అంటుకోకూడదు.

పిక్క మాంసం, మెడ మాంసం గట్టిగా ఉంటాయి. గట్టిగా ఉంది కదా అని వద్దనకండి. సన్నటి మంట మీద చాలాసేపు ఉడికితే ఆ గట్టి నరాలు కరిగి మెత్తబడతాయి. చారు చిక్కబడుతుంది. ఇలాంటి వంటకు ఆ ముక్కలే మంచివి.

ఏమేమి కావాలి? (5 గురికి)

పెద్దకూర – అరకిలో, 20 ముక్కలుగా కోయించాలి
బొబ్బర్లు – 1 గ్లాసు (200 గ్రాములు)
ఉల్లిగడ్డలు – 3
టమాటలు – 3
అల్లం, ఎల్లిగడ్డ ముద్ద – 2 చెంచాలు
పసుపు – అర చెంచా
కారం – 2 చెంచాలు
ధనియాల పొడి – 2 చెంచాలు
నూనె – 3 చెంచాలు
నిమ్మకాయ – 1
ఉప్పు, కొత్తిమీర – తగినంత

ఎలా వండాలి?

1. ముందురోజు రాత్రి బొబ్బర్లు ఏరి, కడిగి, నానబెట్టాలి. తెల్లారి ఆ నీళ్ళు పారబోయాలి. నానిన గింజ తొందరగా ఉడుకుతుంది. కట్టెలు గానీ గ్యాసు గానీ తక్కువ పడుతుంది. తిన్నాక కడుపు ఉబ్బరం కూడా తగ్గుతుంది.

2. గంజులో నూనె పోసి ఉల్లిగడ్డలు ఎర్రగా వేయించాలి. అల్లం, ఎల్లిగడ్డ ముద్ద వేయాలి. పచ్చి వాసన పోయాక మాంసం, పసుపు, ఉప్పు వేసి కలపాలి. మాంసంలోంచి నీళ్ళు ఊరుతాయి. ఆ నీళ్ళు ఇగిరేదాకా వేయించాలి.

3. కారం, ధనియాల పొడి వేసి ఒకసారి కలపాలి. 6 గ్లాసుల వేడినీళ్ళు పోయాలి. మూత పెట్టి మంట తగ్గించాలి. గంటసేపు ఉడకనివ్వాలి. నడుమ నడుమ చూడాలి. నీళ్ళు తగ్గితే మళ్ళీ వేడినీళ్ళే పోయాలి.

4. ఇప్పుడు నానిన బొబ్బర్లు వేయాలి. ఇంకో ముప్పావు గంట ఉడకాలి. మాంసం, బొబ్బర్లు ఒకేసారి ఎందుకు వేయకూడదు? మాంసం మెత్తబడేలోపల బొబ్బర్లు చితికి పిండి అవుతాయి కాబట్టి.

5. గింజను రెండు వేళ్ళ నడుమ పెట్టి నొక్కండి. మెత్తగా నలిగితేనే టమాటలు వేయండి. పులుపు ముందే పడితే గింజ గట్టిగానే ఉండిపోతుంది. చింతపండు పులుసు పోసినా, పుంటికూర వేసినా ఇదే మాట. పులుపు ఎప్పుడూ చివరికే.

6. ఇంకో పావుగంట ఉడికించి కొత్తిమీర చల్లి దించాలి.

కుక్కర్ ఉన్నవాళ్ళు మాంసానికి 6 నుండి 8 విజిల్స్ రానివ్వాలి. తరువాత బొబ్బర్లు వేసి 2 లేక 3 విజిల్స్ చాలు. టమాటలు మూత తీసి వేసి ఉడికించాలి.

బోరు నీళ్ళలో గింజలు ఎంతకీ ఉడకవని కొందరు అంటారు. అది నిజమే. ఉప్పనీళ్ళలో సున్నం ఎక్కువ ఉంటుంది. అది గింజను గట్టిపరుస్తుంది. నల్లా నీళ్ళు ఉంటే నానబెట్టడానికీ వండడానికీ అవే వాడండి.

బొబ్బర్లు లేకుంటే అనుములు వేయవచ్చు. అవి ఇంకొంచెం సేపు ఉడకాలి. పెద్దకూర తిననివాళ్ళు మేకమాంసంతో ఇలాగే వండవచ్చు. జొన్నరొట్టె, మక్క గట్క, అన్నం – దేనితోనైనా బాగుంటుంది.

మాంసంతో గింజలు ఎందుకు?

అరకిలో మాంసం ఒక్కటే వండితే 5 గురికి చాలదు. గింజలు కలిస్తే గంజు నిండుతుంది. ఇది అందరికీ తెలిసిన లెక్క. హైదరాబాద్ హలీంలో మాంసంతో గోధుమలు, పప్పులు కలుపుతారు. దాల్చాలో శనగపప్పు వేస్తారు. దూరాన ఉన్న బ్రెజిల్ దేశంలో కూడా నల్లటి చిక్కుడు గింజలు, మాంసం ఒకే గంజులో ఉడికిస్తారు. దానిని ఫెయిజోడా అంటారు.

ఇంకో లెక్క కూడా ఉంది. అది కంటికి కనిపించదు. రక్తం పట్టాలంటే ఒంటికి ఇనుము కావాలి. మాంసంలోని ఇనుము సులువుగా ఒంటికి పడుతుంది. గింజల్లోని ఇనుము అంత సులువుగా పట్టదు. రెండూ కలిపి తింటే, మాంసం గింజల్లోని ఇనుమును కూడా పట్టేలా చేస్తుంది. తినే ముందు నిమ్మకాయ పిండుకుంటే ఇంకా మంచిది. తిన్న వెంటనే చాయ్ తాగకూడదు. చాయ్ ఆ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. గంటసేపు ఆగి తాగండి.

పలక మీద లెక్క

ఆ రాత్రి ఆ అక్కను పలక మీద ఒక లెక్క రాయమన్నాను. "20 ముక్కలు ఎవరెవరికి ఎన్ని పెట్టినవు?" అని అడిగాను. అక్క ఆలోచించి ఆలోచించి రాసింది.

భర్తకు – 7
కొడుకుకు – 6
బిడ్డకు – 3
అత్తకు – 3
నాకు – 1

కూడితే 20. లెక్క తప్పు లేదు. కానీ కేంద్రంలో ఎవరూ మాట్లాడలేదు. తరువాత ఒక అవ్వ అన్నది: "గా ఒక్కటి గూడ దొరికింది. మాకు గంజు అడుగున చారే మిగులుతుండె."

మరి ఎవరికి ఎక్కువ ఇనుము కావాలి? హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 2020లో అది ఇచ్చిన లెక్క చూడండి. పెద్ద మొగవాళ్ళకు రోజుకు 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. ఆడవాళ్ళకు 29 కావాలి. ఎందుకంటే నెలనెలా మనకు రక్తం పోతుంది. కాన్పులో పోతుంది. పెద్దమనిషి అయిన ఆడపిల్లకు కూడా దాదాపు ఇంతే. ఎక్కువ కావలసిన వాళ్ళకే తక్కువ పెడుతున్నాం. చివరికి తింటున్నాం.

అందుకే ఏమవుతున్నది? 2019 నుండి 2021 వరకు దేశమంతటా కుటుంబ ఆరోగ్య సర్వే చేశారు. 15 నుండి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 100 మందిలో 57 మందికి రక్తం తక్కువగా ఉన్నదని తేలింది. మెట్లెక్కితే ఆయాసం, కళ్ళు తిరగడం, ఎప్పుడూ నీరసం – ఇవి దాని గుర్తులు. "పని ఎక్కువైంది, గందుకే" అని మనం సరిపెట్టుకుంటాం.

ఇలా చేసి చూడండి. గంజు దించగానే, ఎవరూ కూర్చోకముందే, మీ వంతు ఒక గిన్నెలో తీసి మూత పెట్టండి. బిడ్డ వంతు కూడా తీయండి. 20 ముక్కలను 5 గురికి పంచితే తలా 4. అంటే 100 గ్రాములు.

ఈ జాగ్రత్తలు మరువకండి

మాంసం పూర్తిగా ఉడకాలి. లోపల ఎరుపు ఉంటే ఇంకా ఉడికించండి. సగం ఉడికిన పెద్దకూర తింటే కడుపులో బద్దెపురుగు చేరవచ్చు. పచ్చి మాంసం కోసిన కత్తినీ పీటనీ కడగకుండా ఉల్లిగడ్డలు కోయకండి. మిగిలిన కూరను పొద్దంతా బయట ఉంచకండి. ఎండాకాలంలో బొబ్బర్ల కూర తొందరగా పాడవుతుంది. మళ్ళీ తినే ముందు బాగా మరిగించండి.

ఈ కూర తిండి మాత్రమే, మందు కాదు. నీరసం తగ్గకుంటే సర్కారు దవాఖానలో రక్తం చూపించుకోండి. గర్భిణి కాని ఆడవాళ్ళకు హిమోగ్లోబిన్ 12 ఉండాలి. గర్భిణికి 11కు తగ్గకూడదు. తక్కువ ఉంటే ఇనుము గోలీలు ఇస్తారు. అవి మానకుండా వేసుకోండి.

తరువాతి వారం ఆ అక్క పలక పట్టుకొని ముందు వరుసలో కూర్చున్నది. నేను అడగకముందే చూపించింది: 5, 4, 4, 3, 4.

"అత్తకు మూడేనా?" అన్నాను.

"పండ్లు లేవు బిడ్డా, మూడు సాలన్నది. బొబ్బర్లు ఎక్కువేసిన" అన్నది.

చివరి 4 కింద అక్క గీత గీసింది. అది ఎవరి వంతో మీకు తెలుసు.

ఆలోచించండి, రాయండి

1. పులుపు చివరికి ఎందుకు వేయాలి?
2. మొన్న మీ ఇంట్లో వండిన కూర ఎవరెవరికి ఎంత వచ్చింది? పేర్లు, లెక్క రాయండి.
3. ఆ లెక్కలో మీ వంతు ఎంత?