పక్కన నిలబడితే అంటదు

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలలో నమాజు వరుసలో ఒకరి చేతిపై వెండి పొలుసులు కనిపించగానే పక్కవారు ఎడంగా జరగడం మేము చూశాము. ‘రక్తం చెడింది’ అనడమూ విన్నాము. రెండూ అన్యాయమే.

సోరియాసిస్‌లో క్రిమి ఏదీ లేదు. దేహరక్షణకు అల్లాహ్ ప్రసాదించిన తెల్ల రక్తకణాలలో ‘టి’ కణాలు సొంత చర్మాన్నే శత్రువుగా ఎంచి, వాపు పుట్టించే రసాయనాలను విడుదల చేస్తాయి. సుమారు నెలకు పైకి రావలసిన చర్మకణాలు కొద్ది రోజులకే వచ్చి, రాలక పేరుకుపోతాయి. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు కూడా పైపొరలో గుమిగూడుతాయి.

ఉదయగిరిలో కొయ్య గరిటెలు చెక్కే సోదరీమణులు ఒకటి గమనించాలి. ఈ వ్యాధి ఉన్నవారికి ఉలి, ఆకురాయి గీసుకున్న చోటనే కొత్త మచ్చ లేవవచ్చు. 1870లలోనే జర్మన్ వైద్యుడు కోబ్నర్ దీనిని గుర్తించారు. కీళ్ళనొప్పులు తోడైతే జాప్యం చేయక వైద్యునికి చూపించాలి. వుజూ నీటితో గాని, కరచాలనంతో గాని, ఒకే పళ్ళెంలో భుజించడంతో గాని ఇది సంక్రమించదు.