నలుగురి ముందు నోరు విప్పవలసి వచ్చినప్పుడు

రేపు ఉదయం ఆఫీసులో సమీక్షా సమావేశం. ఒక్కొక్కరూ లేచి తమ సెక్షనులో జరిగిన పని గురించి ఐదు నిమిషాలు చెప్పాలి. ఆ పని చేసింది తనే, లెక్కలన్నీ తనకు కంఠతా వచ్చు. అయినా ఈ రాత్రి అన్నం సహించదు. పడుకుంటే నిద్ర పట్టదు. జ్వరమని కబురు చేసి ఊరుకుందామా అన్న ఆలోచన కూడా తెల్లవారుజామున ఒకసారి వచ్చి పోతుంది.

మన సంఘాల్లో ఇలాంటి సహోదరులు, సహోదరీలు చాలామందే ఉన్నారు. విచిత్రమేమిటంటే వారిలో కొందరు గృహకూడికల్లో పది నిమిషాలు తడబడకుండా ప్రార్థన చేయగలరు. స్త్రీల సమాజంలో సాక్ష్యం చెప్పగలరు. సండే స్కూల్లో గోల చేసే పిల్లల్ని కూర్చోబెట్టి కథ చెప్పగలరు. అదే మనిషి సోమవారం పై అధికారి ఎదుట లేచి నిలబడేసరికి నోట తడి ఆరిపోతుంది, కాళ్లు వణుకుతాయి. కనుక లోపం గొంతులో లేదు. సంఘంలో వినేవారు మనవాళ్లు. మాట తడబడితే "ఆమేన్" అని అందుకుంటారు. ఆఫీసులో వినేవారు మనల్ని తూకం వేస్తున్నట్టు అనిపిస్తుంది. ప్రమోషను, పక్క సెక్షనువారి చిరునవ్వు, వీటన్నిటికీ మించి ఇంగ్లీషు! తెలుగు మీడియంలో చదివి ఉద్యోగంలోకి వచ్చినవారికి సగం భయం అక్కడే ఉంది.

ఊరుకుంటే ఏం పోతుంది?

"నాకెందుకు, మాట్లాడేవాళ్లు మాట్లాడతారు" అని వెనక కుర్చీలో కూర్చుంటే గడిచిపోదా అని అడిగేవారున్నారు. కొన్నిసార్లు గడిచిపోతుంది. అన్నిసార్లూ కాదు. ఒక పెద్ద ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే సహోదరి మాతో చెప్పిన సంగతి ఇది. రాత్రి డ్యూటీలో ఒక రోగికి మూత్రం బాగా తగ్గిపోయిందని ఆమె గమనించింది. ఉదయం పెద్ద డాక్టరు, ఆయన వెనుక పదిమంది జూనియర్లు రౌండ్సుకు వచ్చారు. ఆ మాట ఇంగ్లీషులో ఎలా చెప్పాలా అని ఆమె మనసులో వాక్యం కూర్చుకుంటూ ఉండగానే గుంపు పక్క మంచానికి జరిగిపోయింది. ఆమె వెనకే పరుగెత్తి ఒక జూనియరుకు చెప్పింది గనుక సరిపోయింది. చెప్పకపోతే? మన మౌనం వల్ల నష్టపోయేది ఎప్పుడూ మనమే కాదు. మందుల పట్టికలో తప్పు, లెక్కల్లో తేడా, కార్మికునికి జరిగిన అన్యాయం, వీటిని చూసినవాడు నోరు విప్పకపోతే ఆ నష్టం వేరొకరి మీద పడుతుంది.

ఆ సహోదరి ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకుంది. రౌండ్సుకు ముందు చిన్న చీటీ మీద నాలుగు ముక్కలు రాసుకుంటుంది. ఏ మంచం, ఏమి మారింది, ఎప్పటినుండి, డాక్టరు ఏమి చేయాలని తన మనవి. భయం పోలేదని ఆమే చెబుతుంది. చీటీ మాత్రం చేతిలో ఉంటుంది.

భయపడడం విశ్వాసలోపమా?

"ప్రభువు తోడుండగా భయమెందుకు? నీ విశ్వాసంలో ఏదో కొరత ఉంది" అని కొందరు సులభంగా అనేస్తారు. ఈ మాట మాకు సమ్మతం కాదు. అప్పటికే భయంతో ఉన్నవాని నెత్తిన నేరభారం కూడా పెట్టడమే అది. అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి వ్రాస్తూ, తాను వారియొద్దకు వచ్చినప్పుడు బలహీనతతో, భయంతో, ఎంతో వణుకుతో ఉన్నానని దాచుకోకుండా ఒప్పుకున్నాడు. మోషే తనకు మాట నేర్పు లేదని దేవునితోనే వాదించాడు. దేవుడు మోషేను విడిచిపెట్టలేదు. అన్నయైన అహరోనును అతనికి తోడుగా ఇచ్చాడు.

అయితే ఉద్యోగస్తులు మరీ శ్రద్ధగా చదవవలసినది నెహెమ్యా గ్రంథం మొదటి రెండు అధ్యాయాలు అని మేమంటాము. నెహెమ్యా ప్రవక్త కాడు, యాజకుడు కాడు. షూషను కోటలో రాజుకు ద్రాక్షారసపు గిన్నె అందించే ఉద్యోగి. యెరూషలేము ప్రాకారం కూలి ఉన్నదన్న వార్త కిస్లేవు నెలలో అతనికి తెలిసింది. రాజైన అర్తహషస్త ఎదుట ఆ సంగతి ఎత్తే సమయం నీసాను నెలలో వచ్చింది. మధ్యలో దాదాపు నాలుగు నెలలు! ఉపవాసముండి ప్రార్థించాడు. కానీ ప్రార్థన ఒక్కటే చేశాడా? ముఖం ఎందుకు చిన్నబోయిందని రాజు అడిగినప్పుడు తాను ఎంతో భయపడ్డానని అతడే వ్రాసుకున్నాడు. నీకేమి కావాలి అని రాజు అడిగాడు. ఆ ప్రశ్నకూ తన జవాబుకూ మధ్య ఉన్న ఆ క్షణంలోనే ఆకాశమందలి దేవునికి ప్రార్థించి నోరు తెరిచాడు. ఇక ఆ జవాబు చూడండి. ఎన్నాళ్లు పడుతుందంటే గడువు చెప్పాడు. నది అవతలి అధికారులకు ఏ ఉత్తరాలు కావాలో చెప్పాడు. అడవిని కాచే ఆసాపు పేరుతో సహా చెప్పి, గుమ్మాలకు, ప్రాకారానికి, తాను ఉండబోయే ఇంటికి మ్రానులు అడిగాడు. అప్పటికప్పుడు తోచిన మాటలు కావు ఇవి. ఆ నాలుగు నెలల్లో లెక్క వేసుకుని సిద్ధంగా పెట్టుకున్న మాటలే అయి ఉండాలి. భయం ఉంది, ప్రార్థన ఉంది, లెక్క కూడా ఉంది.

అధికారుల ఎదుట ఏమి మాట్లాడాలో చింతపడవద్దని ప్రభువు శిష్యులతో చెప్పాడు గదా అని, సిద్ధపడకుండానే సమావేశానికి వెళ్లేవారూ మనలో ఉన్నారు. ఆ మాట చెప్పిన సందర్భాన్ని మత్తయి సువార్త 10వ అధ్యాయంలో చూడాలి. తన నామం నిమిత్తం పట్టుబడి సభల ముందుకు ఈడ్వబడే వారికి ఇచ్చిన అభయం అది. మూడు నెలల అమ్మకాల లెక్క చూడకుండా మీటింగుకు వెళ్లడానికి అనుమతిపత్రం కాదు.

లోపల జరిగేది బయటికి ఎంత కనబడుతుంది?

ప్రమాదం ఎదురైనప్పుడు శరీరం ఎడ్రినలిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతుంది. గుండె వేగం పెరుగుతుంది, నోరు ఎండుతుంది, అరచేతులు చెమర్చుతాయి. పాము కనబడినా, పదిమంది కళ్లు మనమీద పడినా శరీరం చేసే పని ఒకటే. దీన్ని ఆపబోతే ఇంకా పెరుగుతుంది. నెమ్మదిగా, లోనికి తీసుకున్నదానికంటే ఎక్కువసేపు ఊపిరి బయటికి విడవడం గుండెవేగాన్ని కొంత తగ్గిస్తుంది. లేచేముందు అయిదారుసార్లు అలా చేయడానికి ఒక నిమిషం చాలు. పక్కవారికి తెలియను కూడా తెలియదు.

ఇంకో సంగతి చాలామంది ఎరుగరు. నా వణుకు అందరికీ కనబడుతోంది అన్నదే వక్తను ఎక్కువగా కుంగదీస్తుంది. అమెరికాలో కెన్నెత్ సవిట్‌స్కీ, థామస్ గిలోవిచ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2003లో ప్రచురించిన పరిశోధనలో దీన్ని పరీక్షించారు. మాట్లాడేవారు తమలో ఉందనుకున్నంత కంగారు వినేవారికి కనబడలేదు. ఈ సంగతి ముందుగా తెలిసినవారు తెలియనివారికంటే మెరుగ్గా మాట్లాడారు కూడా. లోపల గుండె డప్పులా మోగుతున్నా ఎదుటి కుర్చీలోని మనిషికి అది వినబడదు. అతడు బహుశా తన వంతు వచ్చినప్పుడు ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ ఉంటాడు!

ముప్పై రూపాయల కేసు

మహాత్మా గాంధీ ఆత్మకథ చదివినవారికి ఈ ఘట్టం గుర్తుండే ఉంటుంది. లండనులో బారిష్టరు చదివి 1891లో తిరిగివచ్చాక, బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టులో ఆయనకు మొదటి కేసు దొరికింది. ఫీజు 30 రూపాయలు. సాక్షిని ప్రశ్నించడానికి లేచాడు. తల తిరిగింది, ఒక్క ప్రశ్న కూడా తోచలేదు. కూర్చుండిపోయి, ఫీజు వెనక్కి ఇచ్చి, వేరే వకీలును పెట్టుకొమ్మని చెప్పి బయటికి వచ్చేశాడు. ఆ వకీలు ఫీజు 51 రూపాయలు.

తరువాత 1893లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో భారతీయులను సమావేశపరచి వ్యాపారంలో సత్యం పాటించడం గురించి మాట్లాడాడు. తన జీవితంలో మొదటి బహిరంగ ప్రసంగమని చెప్పదగినది అదేనని, విషయం బాగానే సిద్ధం చేసుకుని వెళ్లానని ఆయన వ్రాశాడు. రెండేళ్లలో మనిషి మారిపోయాడని మేము అనుకోము. కోర్టులో ఆయనకు చెప్పవలసిన మాట లేదు, నెగ్గవలసిన పరువు మాత్రం ఉంది. ప్రిటోరియాలో ఎదుట కూర్చున్నవారి కష్టం ఉంది, దాని గురించి చెప్పి తీరవలసిన మాట ఉంది. మాకు తోచినంతవరకు తేడా ఇదే. "నేను ఎలా కనబడుతున్నాను" అన్న ప్రశ్న నుండి "వీరికి ఏమి తెలియాలి" అన్న ప్రశ్నకు మనసు జరిగితే భయానికి చోటు తగ్గుతుంది.

సిద్ధపడడం ఎలా?

ప్రసంగమంతా బట్టీ పట్టవద్దు. ఒక్క మాట మరిచిపోతే మిగతాదంతా కూలిపోతుంది. మొదటి రెండు వాక్యాలు మాత్రం నిద్రలో లేపి అడిగినా వచ్చేంత బాగా నేర్చుకోవాలి. గుండెదడ ఎక్కువగా ఉండేది ఆ మొదటి నిమిషంలోనే. మిగతా సంగతులు పెద్ద అక్షరాలతో అట్టముక్క మీద రాసుకుంటే మంచిది. పలుచని కాగితమైతే చేతి వణుకును పదింతలు చేసి చూపిస్తుంది. మనసులో చదువుకోవడం సిద్ధపాటు కాదు. నిలబడి, గొంతెత్తి, గడియారం పెట్టుకుని చెప్పాలి. అయిదు నిమిషాలనుకున్నది పదకొండు నిమిషాలవుతుందని అప్పుడే తెలుస్తుంది.

గదికి కాస్త ముందుగా వెళ్లి, నిలబడవలసిన చోట ఒకసారి నిలబడి చూడండి. ఎవరైనా స్నేహంగా చూసే ముఖాన్ని ఎంచుకుని మొదటి మాట వారితోనే చెప్పండి. మధ్యలో మరిచిపోతే ఆగి అట్టముక్క చూసుకోండి. ఆ మూడు సెకన్లు మీకు మూడు నిమిషాలు అనిపిస్తాయి గాని వినేవారు పట్టించుకోరు. ఇంగ్లీషు తడబడేవారు చిన్న చిన్న వాక్యాలు వాడడం మేలు. "తెలుగులో చెప్పమంటారా" అని అడగడంలోనూ తప్పు లేదు. మన రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయాల్లోనైతే 1966 నాటి అధికార భాషా చట్టం తెలుగుకు ఆ స్థానం ఇచ్చే ఉంది.

కొత్తవారు ఒకేసారి గంట ప్రసంగానికి ఒప్పుకోనక్కరలేదు. ఈ వారం సమావేశంలో ఒక్క ప్రశ్న అడగండి. వచ్చే నెల ఒక్క అంశం చెప్పండి.

ఒక హెచ్చరిక. ధైర్యం కోసం కొంచెం పుచ్చుకుని వెళ్లే అలవాటు ఎక్కడికి తీసుకుపోతుందో మన పాఠకులకు చెప్పనక్కరలేదు. స్నేహితుడిచ్చాడని గుండెదడ తగ్గించే మాత్ర మింగడం కూడా అలాంటిదే. ప్రొప్రనోలాల్ వంటి మందులు ఉబ్బసం ఉన్నవారికి ప్రమాదం కలిగిస్తాయి. డాక్టరు చెప్పనిదే ముట్టుకోకూడదు. భయం వల్ల ఉద్యోగమే మానుకుందామనిపించేంత ఉంటే, నలుగురిలో తినడానికి కూడా జంకు ఉంటే, మానసిక వైద్యుణ్ణి చూడడానికి సిగ్గుపడనక్కరలేదు. నత్తి ఉన్నవారికి శిక్షణ పొందిన స్పీచ్ థెరపిస్టులు ఉన్నారు. ప్రార్థన చేస్తూనే వారి దగ్గరకు వెళ్లవచ్చు.

ఇంట్లోవారు చేయగలిగినది

రేపు మాట్లాడవలసిన మనిషికి ఈ రాత్రి ఇంట్లో ఒక శ్రోత కావాలి. భార్య గాని భర్త గాని టీవీ కట్టేసి, పది నిమిషాలు కుర్చీలో కూర్చుని వింటే చాలు. ఉచ్చారణ దిద్దడానికి, నవ్వడానికి అది సమయం కాదు. "ఈ ముక్క నాకు అర్థం కాలేదు" అని మాత్రం చెప్పండి. మీకు అర్థం కానిది అక్కడివారికీ అర్థం కాకపోవచ్చు. ఆ తరువాత ఇద్దరూ కలిసి ప్రార్థన చేసుకుని పెందలాడే పడుకోవచ్చు.

పిల్లల సంగతి కూడా ఆలోచించాలి. పెద్దలు మాట్లాడుతుంటే మధ్యలో నోరెత్తవద్దని ప్రతిసారీ గదిమి పెంచిన పిల్ల, ఇరవై ఏళ్ల తరువాత ఆఫీసులో గలగలా మాట్లాడాలంటే ఎక్కడినుండి వస్తుంది? క్రిస్మసు కార్యక్రమానికి మన సంఘాల్లో ఏటా వచనాలు, పాత్రలు పంచుతాము. గొంతు బాగున్న ఆ నలుగురు పిల్లలకే ప్రతి సంవత్సరం ఇచ్చేస్తాము. ఈసారి వెనుక వరుసలో దాక్కునే పిల్లకు కూడా రెండు వాక్యాలు ఇవ్వండి. నవంబరులోనే ఇచ్చి, ఆరాధన ముగిసి అందరూ వెళ్లిపోయాక ఖాళీ మందిరంలో ఆ వేదిక మీదే నిలబెట్టి నాలుగు ఆదివారాలు చెప్పించండి. మొదటి వారం టీచరు ఒక్కరే వినాలి. రెండో వారం ఆ పిల్ల తనకు ఇష్టమైన స్నేహితురాలిని తెచ్చుకోవచ్చు.