వాక్యూమ్ క్లీనర్ కొంటున్నారా? పాస్కల్స్ కాదు, ముందు ఇవి చూడండి

మాది శేరిలింగంపల్లి, నల్లగండ్ల వైపు. బాల్కనీలో నిలబడితే తక్కువలో తక్కువ నాలుగు టవర్ క్రేన్లు కనిపిస్తాయి. పొద్దున తుడిచిన టీవీ స్టాండ్ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. గచ్చిబౌలి, కొండాపూర్, మియాపూర్... మీరు ఎక్కడున్నా పరిస్థితి ఇంచుమించు ఇదే అనుకుంటా.

మూడేళ్ల క్రితం అమ్మ ఖమ్మం నుంచి మా దగ్గరికి వచ్చేసింది. ఆమెకు ఆయాసం ఉంది. ఇల్లు ఊడ్చినప్పుడల్లా దగ్గు మొదలయ్యేది. పొడి చీపురు మానేయండి అన్నారు డాక్టర్ గారు. నేను మనందరం చేసేదే చేశా. సేల్ మొదలైన రాత్రి పన్నెండింటికి కూర్చుని, లిస్టులో ఎక్కువ పాస్కల్స్ ఉన్న కార్డ్‌లెస్ స్టిక్ మోడల్ ఆర్డర్ పెట్టేశా.

నెల తిరక్కముందే ఒక విషయం అర్థమైంది. వాక్యూమ్ ఆన్ చేసినా అమ్మ దగ్గుతూనే ఉంది. పద్దెనిమిది నెలలకి బ్యాటరీ పోయింది. సర్వీస్ సెంటర్‌కి వెళ్తే "ఈ మోడల్ బ్యాటరీ ఇప్పుడు రావట్లేదండి" అన్నారు. కంపెనీ పేరు చెప్పను. ఎందుకంటే తప్పులో సగం నాదే. రెండోది కొనేటప్పుడు నేర్చుకున్నవన్నీ ఇక్కడ పెడుతున్నా. మోడల్స్ తరచూ మారిపోతాయి కాబట్టి పేర్లు ఇవ్వట్లేదు. ఏ మోడల్‌నైనా ఎలా చూడాలో చెబుతా.

వాట్స్, పాస్కల్స్ అసలు ఏం చెబుతాయి?

బాక్స్ మీద రాసే వాట్స్ అంటే మోటార్ తినే కరెంటు. దుమ్ము లాగే శక్తి కాదు. యూరోపియన్ యూనియన్ 2014లో ఇళ్లలో వాడే వాక్యూమ్ క్లీనర్లకు 1600 వాట్స్ పరిమితి పెట్టింది, 2017లో దాన్ని 900 వాట్స్‌కి దించింది. అయినా అక్కడి ఇళ్లు శుభ్రంగానే ఉన్నాయి. మంచి డిజైన్ ఉంటే తక్కువ కరెంటుతోనే పని అవుతుంది.

మరి పాస్కల్స్? గొట్టం మూతి పూర్తిగా మూసేసినప్పుడు లోపల ఎంత ఒత్తిడి తేడా వస్తుందో ఆ నంబర్ చెబుతుంది. కానీ మూతి మూసి ఎవరూ ఇల్లు ఊడ్వరు కదా! కొబ్బరి బోండాంలో సన్నటి స్ట్రా పెట్టి ఎంత గట్టిగా లాగినా నోటికి వచ్చేది కొంచెమే. ఒత్తిడితో పాటు గాలి కూడా బాగా కదలాలి. ఈ రెండూ కలిపి చెప్పేది ఎయిర్ వాట్స్. కంపెనీ ఆ నంబర్ ఇస్తే దాన్నే పోల్చండి. ఇంకో విషయం: కార్డ్‌లెస్‌లో ప్రకటించే పాస్కల్స్ మ్యాక్స్ మోడ్‌వి, ప్రకటించే "40 నిమిషాలు" ఎకో మోడ్‌ది. రెండూ ఒకేసారి రావు. నా పాత స్టిక్ మ్యాక్స్‌లో పది నిమిషాలు కూడా ఆడలేదు. మా త్రీ బీహెచ్‌కేలో హాల్ దాటేలోపే ఆగిపోయేది.

అమ్మ దగ్గుకి కారణం: ఫిల్టర్, లీకేజీ

వాక్యూమ్ ముందు నుంచి గాలి లాగి, వెనక నుంచి వదులుతుంది. ఫిల్టర్ సరిగా లేకపోతే పెద్ద చెత్త లోపల ఉండిపోయి, కంటికి కనపడని సన్న దుమ్ము మళ్లీ గదిలోకే వస్తుంది. ఊపిరితిత్తుల లోపలిదాకా వెళ్లేది ఆ సన్న దుమ్మే. అంటే నేను డబ్బులిచ్చి దుమ్ము చిమ్మే మెషిన్ కొన్నానన్నమాట.

"హెపా టైప్", "హెపా లాంటి ఫిల్టర్" అని రాసి ఉంటే నమ్మకండి, వాటికి ప్రమాణం లేదు. యూరప్ ప్రమాణం ప్రకారం హెచ్13 అంటే, పట్టుకోవడానికి అన్నిటికంటే కష్టమైన సైజు కణాల్లో కూడా 99.95 శాతం ఆగాలి. ఈ10 నుంచి ఈ12 వరకు ఉన్నవి దానికంటే తక్కువ తరగతి. ఫిల్టర్ ఒక్కటే బాగుంటే చాలదు. డస్ట్ కప్పు మూత, గొట్టం జాయింట్ల దగ్గర రబ్బరు సీల్ వదులుగా ఉంటే గాలి ఫిల్టర్‌ని తప్పించుకుని బయటికి వచ్చేస్తుంది.

దీన్ని ఇంట్లోనే చూడొచ్చు. రాత్రి లైట్లు ఆపేసి, ఫ్యాన్ కట్టేసి, ఫోన్ టార్చ్ వెలుగు వాక్యూమ్ గాలి బయటికి వచ్చే చోటుకి అడ్డంగా పడేలా పెట్టండి. మెషిన్ కొంచెం దూరంగా ఉన్న దుమ్మును లాగుతుండగా, ఆ వెలుగులో రేణువులు పొగలా లేస్తున్నాయా చూడండి. లేస్తుంటే రిటర్న్ గడువు లోపలే వెనక్కి పంపేయండి. నేను ఈ పరీక్ష పద్దెనిమిది నెలలు ఆలస్యంగా చేశా.

అమెరికా రివ్యూలు మన ఇంటికి పనికిరావు

యూట్యూబ్‌లో కనిపించే విదేశీ రివ్యూల్లో చాలావరకు కార్పెట్ మీద పరీక్షలే. మన ఇళ్లలో విట్రిఫైడ్ టైల్స్, గ్రానైట్, మార్బుల్. మనకి కావాల్సింది టైల్స్ మీద సన్న దుమ్మును ఎగరగొట్టకుండా లాగే మెత్తటి బ్రష్, సోఫాకీ పరుపుకీ చిన్న నాజిల్, ఫ్యాన్ రెక్కలకీ కిటికీ దోమల మెష్‌కీ అందే పొడుగు గొట్టం.

మూడు జాగ్రత్తలు కూడా చెప్పాలి. ముగ్గు పిండిని మామూలు వాక్యూమ్‌తో లాగితే ఫిల్టర్ నిమిషాల్లో మూసుకుపోతుంది. ముందు తడిగుడ్డతో తీసేయండి. బాల్కనీలో ఎండిన పావురాల రెట్టని వాక్యూమ్ చేయకండి, అది గాల్లో కలిస్తే ఊపిరితిత్తులకి ప్రమాదం. మాస్కు పెట్టుకుని, తడిపి తీయాలి. ఇక ఇంటీరియర్స్ అయ్యాక మిగిలే ఫాల్స్ సీలింగ్ పొడి, సిమెంట్ దుమ్ము. ఇంట్లో వాడే చాలా మెషిన్లలో మోటార్‌ని చల్లబరిచేది ఆ లాగే గాలే. ఫిల్టర్ మూసుకుంటే గాలి ఆగుతుంది, మోటార్ వేడెక్కి కాలిపోతుంది. ఆ పనికి బ్యాగ్ ఉన్న వెట్ అండ్ డ్రై మెషిన్ అద్దెకు తెచ్చుకోవడం మేలు.

ఎవరికి ఏది?

వైరు ఉన్న క్యానిస్టర్: ఎక్కువ కాలం నమ్మకంగా పనిచేసేది ఇదే. బ్యాటరీ గొడవ లేదు. బ్యాగ్ ఉన్న రకమైతే పారేసేటప్పుడు దుమ్ము లేవదు, అలర్జీ ఉన్న ఇంటికి ఇది పెద్ద లాభం. కానీ బ్యాగుల ఖర్చు ఉంటుంది.

కార్డ్‌లెస్ స్టిక్: చిన్న ఫ్లాట్, రోజూ కాసేపు వాడకానికి బాగుంటుంది. బ్యాటరీ ఊడదీసి మార్చుకునేలా ఉంటేనే కొనండి. బరువు కూడా చూడండి. మా ఇంటికి పనికి వచ్చే అక్క "సార్, దీన్ని ఎత్తి ఫ్యాన్ తుడిస్తే చెయ్యి లాగేస్తోంది" అంది. వాడేది ఆమె. కొన్నది నేను. అడగాల్సింది ముందే.

రోబో: ఆఫీసుకి వెళ్లాక నేల ఊడ్చి పెడుతుంది, కానీ సోఫా, పరుపు, ఫ్యాన్ దాని వల్ల కాదు. చాలా రోబోలు రెండు సెంటీమీటర్ల ఎత్తు దాకే ఎక్కుతాయి. మీ ఇంటి గడపలు స్కేలు పెట్టి కొలవండి. మంచం కింద ఎంత ఖాళీ ఉందో కూడా చూసుకోండి.

అసలు నమ్మకం అంటే విడిభాగాలు

అమెరికాకు చెందిన నీటో రోబోటిక్స్ పేరు విన్నారా? మంచి రోబో వాక్యూమ్‌లు చేసేది. 2023లో మూతపడింది. యాప్ సర్వర్లు కనీసం ఐదేళ్లు నడుపుతామని మాతృసంస్థ ఫోర్‌వెర్క్ మాట ఇచ్చింది. కానీ 2025లోనే ఆపేయాలని నిర్ణయించింది. మెషిన్ బాగానే ఉన్నా యాప్‌తో చేసే పనులు పోయాయి. అందుకే రోబో కొనేముందు, ఇంటర్నెట్ లేకుండా మెషిన్ మీది బటన్‌తో పని చేస్తుందా అని చూడండి.

నేను ఇప్పుడు కొనేముందు మూడు పనులు చేస్తా. ఒకటి, అదే మోడల్ ఫిల్టర్, బ్యాటరీ, బ్రష్ ఆన్‌లైన్‌లో విడిగా దొరుకుతున్నాయా వెతుకుతా. రెండు, సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసి "రెండేళ్ల కిందటి మోడల్‌కి బ్యాటరీ ఉందా?" అని అడుగుతా. కొత్త మోడల్ గురించి అడిగితే అందరూ ఉందనే అంటారు. మూడు, వారంటీలో మోటార్‌కి ఎంత, బ్యాటరీకి ఎంత అని విడివిడిగా చదువుతా. పెద్ద అక్షరాల్లో ఉన్న ఐదేళ్లు ఒక్కోసారి మోటార్‌కి మాత్రమే.

ఏదైనా తేడా వస్తే ఊరుకోకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబర్ 1915. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ పోర్టల్ కూడా మొదలుపెట్టింది.

కొన్నాక

కడిగే ఫిల్టర్ అయితే పూర్తిగా ఆరాకే పెట్టండి. వానాకాలంలో రెండు రోజులు పట్టొచ్చు, కాబట్టి రెండో సెట్ కొనిపెట్టుకోండి. తడి ఫిల్టర్ పెడితే వాసన వస్తుంది, మోటార్ పాడవుతుంది. కార్డ్‌లెస్‌ని మే నెల ఎండ పడే యుటిలిటీలో ఛార్జింగ్‌కి వేలాడదీయకండి. వేడి లిథియం బ్యాటరీ ఆయుష్షు తినేస్తుంది. నేను చేసిన తప్పుల్లో అదీ ఒకటి.

చివరికి నేను తెచ్చింది బ్యాగ్, హెచ్13 ఫిల్టర్ ఉన్న వైరు క్యానిస్టర్. చూడ్డానికి పాతకాలం యూరోక్లీన్‌లా ఉందని ఫ్రెండ్స్ నవ్వారు. యాప్ లేదు, లైట్లు లేవు. అమ్మ ఆయాసం వాక్యూమ్‌తో తగ్గిపోయిందని చెప్పను, దానికి ఇన్హేలర్ ఉంది, డాక్టర్ ఉన్నారు. కానీ ఇదివరకు ఇల్లు ఊడ్చేటప్పుడు అమ్మ తలుపేసుకుని బెడ్‌రూమ్‌లో కూర్చునేది. ఇప్పుడు హాల్లోనే కూర్చుని, "సోఫా కింద వదిలేశావు చూడు" అంటోంది.