కాలేజీ ఈత: డివిజన్ వన్ ఒక్కటే కాదు

సైదాబాద్, చంపాపేట ఇళ్లలో పొద్దున్నే పిల్లల్ని పూల్‌కి తీసుకెళ్లే తల్లిదండ్రులకు ఇంటర్ దగ్గరపడగానే ఒకటే గుబులు: ఈత మానిపించాలా, కొనసాగించాలా? ఇక్కడే అపోహలు చుట్టుముడతాయి.

అపోహ: పైకి రావాలంటే అమెరికా వెళ్లాల్సిందే.

వాస్తవం: టోక్యో ఒలింపిక్స్‌లో ఈదిన శ్రీహరి నటరాజ్ ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్‌లో పతకాలు గెలిచింది బెంగళూరు జైన్ విశ్వవిద్యాలయం తరఫున. మనకూ మెట్లున్నాయి. ఉస్మానియా అంతర కళాశాలల పోటీల్లో ఎంపికైతే అఖిల భారత అంతర విశ్వవిద్యాలయ పోటీలు, ఆపైన 2020లో భువనేశ్వర్‌లో మొదలైన ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్. అయితే రోజూ సైదాబాద్ నుంచి గచ్చిబౌలి కొలనుకు వెళ్లిరావడమంటే నగరం ఈ చివర నుంచి ఆ చివరకు పోవడమే. కాలేజీ పేరుకన్నా ముందు సాధనకు దగ్గర్లో పూల్ ఉందో లేదో చూసుకోండి.

అపోహ: డివిజన్ వన్‌లో చేరితే చదువంతా ఉచితం.

వాస్తవం: ఎక్కువమంది తల్లిదండ్రులు దెబ్బతినేది ఇక్కడే. అమెరికా కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏలో మూడు డివిజన్లు. వన్, టూలలో ఈతగాళ్లకు వచ్చేది చాలాసార్లు ఫీజులో కొంత భాగమే. డివిజన్ వన్‌లోనే ఉన్న ఐవీ లీగ్ కాలేజీలు ఆటకని పైసా ఇవ్వవు, కుటుంబ ఆదాయం చూసి సాయం చేస్తాయి. డివిజన్ త్రీలోనూ క్రీడా స్కాలర్‌షిప్ లేదు, కానీ మార్కులకు, అవసరానికి ఇచ్చే సాయం ఉంటుంది. పైగా డివిజన్ వన్‌లో సీజన్ నడుస్తున్నప్పుడు వారానికి 20 గంటల దాకా జట్టు పనికే పోవచ్చు. ఇంజినీరింగ్ ల్యాబులతో అది పొసగుతుందా? నన్నడిగితే, పెద్ద జట్టులో నాలుగేళ్లు వెనక వరసలో ఉండేకన్నా చిన్న జట్టులో ప్రతి పోటీలో ఈదడమే మేలు. ఒలింపిక్సే లక్ష్యమైన పిల్లల లెక్క వేరు.

అపోహ: అమెరికా ఈతగాళ్ల టైమింగులు చూస్తే మనవాళ్లు పనికిరారు.

వాస్తవం: అక్కడ కాలేజీ పోటీలు 25 గజాల కొలనులో జరుగుతాయి. అంటే 22.86 మీటర్లు. వంద గజాలంటే 91.44 మీటర్లే, మధ్యలో మూడు మలుపులు. మన 50 మీటర్ల కొలనులో వంద మీటర్లకు మలుపు ఒక్కటే. గోడను తన్నిన ప్రతిసారీ వేగం పెరుగుతుంది కాబట్టి ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టకూడదు. మీ టైమింగును గజాల్లోకి మార్చి, మీరు చేరాలనుకునే కాలేజీ ఉన్న కాన్ఫరెన్స్ (కలిసి పోటీపడే కాలేజీల బృందం) ఫలితాలతో పోల్చండి, అవి అందరికీ అందుబాటులోనే ఉంటాయి. ఫైనల్‌కు చేరేంత వేగముంటే కోచ్‌కు ధైర్యంగా రాయొచ్చు.

అపోహ: ఈత సర్టిఫికెట్లుంటే ఇక్కడ ఇంజినీరింగ్ సీటు ఖాయం.

వాస్తవం: తెలంగాణలో క్రీడల కోటా అర శాతం, అదీ అన్ని ఆటలకూ కలిపి. మద్రాస్ ఐఐటీ 2024-25 నుంచి ఒక్కో కోర్సులో రెండు సీట్లు క్రీడాకారులకు అదనంగా ఇస్తోంది. దానికీ జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుల జాబితాలో పేరుండాలి. ఆ తర్వాతే పతకాల మాట.