నీలి టోపీ మాట ఎప్పుడు చెల్లుతుంది?

సాయంత్రమైతే చాలు, ఖిల్లా ఘణపూర్ పోరగాళ్లు గుట్టెక్కుతారు. రెండు గుట్టలను కలుపుతూ కట్టిన కోట గోడ మీద కూర్చుంటే కింద గణపసముద్రం చెరువు కనిపిస్తుంది. పోయిన దసరాకు ఊరికి వెళ్లినప్పుడు మా బాబాయి కొడుకు అక్కడే ఫోన్‌లో ఓ వీడియో చూపించాడు. నీలి టోపీలు పెట్టుకున్న సైనికులు, వాళ్ల వెనక కాలిపోతున్న ఊరు.

"అన్నా, వీళ్లు ఆడనే ఉన్నరు గదా. మరి ఎందుకు ఆపుతలేరే?"

వెంటనే జవాబు దొరకలేదు. తర్వాత కూర్చుని చదివాను. చదివిందంతా తిరిగి తిరిగి మా చెరువు గట్టు దగ్గరికే వచ్చింది.

చెరువు కింద పొలాలకు నీళ్లు పంచే మనిషిని నీరటి అంటారు. తూము తెరవాలన్నా, మూయాలన్నా ఆయనే. చేతిలో పార తప్ప ఇంకేం ఉండదు. అయినా ఆయన మాట చెల్లేది. ఎందుకంటే ఆ పంపకానికి ఆయకట్టు రైతులంతా ముందే ఒప్పుకున్నారు. ఎవరైనా మాట తప్పితే ఊరు నిలదీసేది. ఈ రెండూ లేని రోజున నీరటి గట్టు మీద నిలబడి చూడాల్సిందే.

ఐక్యరాజ్యసమితి శాంతి సేన పరిస్థితీ ఇంతే. 1948 నుంచి ఇప్పటిదాకా 70కి పైగా మిషన్లు నడిచాయి. సమితికి సొంత సైన్యం లేదు. దేశాలు పంపిన సైనికులతోనే పని. ఎక్కడికి వెళ్లాలో, ఏం చేయొచ్చో భద్రతా మండలి రాసిస్తుంది. ఇరువర్గాల ఒప్పుదల ఉండాలి, ఎవరి పక్షం వహించకూడదు, ఆత్మరక్షణకో అప్పగించిన పని కాపాడుకోవడానికో తప్ప తుపాకీ పేల్చకూడదు. పాటించాల్సిన సూత్రాలు ఈ మూడే.

ఈ లెక్కన చూస్తే రువాండాలో ఏం జరిగిందో అర్థమవుతుంది. 1994 ఏప్రిల్‌లో అక్కడ ఊచకోత మొదలైనప్పుడు సమితి సైనికులు సుమారు 2,500 మంది ఉన్నారు. పది మంది బెల్జియం సైనికులను చంపేశారు. బెల్జియం తన దళాన్ని వెనక్కి పిలిచింది. బలగం పెంచాల్సిన సమయంలో భద్రతా మండలి దాన్ని 270కి తగ్గించమంది. సుమారు వంద రోజుల్లో 8 లక్షల మంది చనిపోయారని అంచనా. మరుసటి ఏడాది బోస్నియాలోని స్రెబ్రెనికాలోనూ అంతే. సమితి 'సురక్షిత ప్రాంతం' అని ప్రకటించిన చోటే దాదాపు 8,000 మంది మగవాళ్లను, అబ్బాయిలను చంపేశారు. రక్షిస్తామని మాటిచ్చారు గానీ, దాన్ని నిలబెట్టే బలగం పంపలేదు.

ఇప్పుడు సియెర్రా లియోన్ చూడండి. 2000 మే నెలలో అక్కడి తిరుగుబాటుదారులు ఏకంగా 500 మంది దాకా శాంతి సైనికులను పట్టుకున్నారు. ఇక ఈ మిషన్ పని అయిపోయిందనుకున్నారంతా. కానీ ఈసారి ప్రపంచం చేతులెత్తేయలేదు. బ్రిటన్ సైన్యం దిగింది. తిరుగుబాటుకు డబ్బు తెచ్చే వజ్రాల అమ్మకంపై మండలి ఆంక్షలు పెట్టింది. కైలాహున్‌లో చిక్కుకున్న 200 మందికి పైగా మన సైనికులను జులైలో 'ఆపరేషన్ ఖుక్రీ'తో విడిపించారు. బలగాన్ని 17 వేలు దాటించారు. 2002కల్లా 70 వేల మందికి పైగా ఆయుధాలు దించారు. ఆ ఏడాదే ఎన్నికలు జరిగాయి. 2005 చివర్లో మిషన్ పని ముగించుకుని వెళ్లింది.

పక్కనే ఉన్న లైబీరియాకు 2007లో మన దేశం పూర్తిగా మహిళలతో కూడిన పోలీసు దళాన్ని పంపింది. సమితి మిషన్లలో అలాంటి దళం అదే మొదటిది. ఆ మిషన్ పదిహేనేళ్ల దాకా ఉండి 2018లో ముగిసింది. శాంతికి ఓపిక కూడా కావాలి మరి. ఒప్పుదల లేకపోతే ఏమవుతుందో మాలి చూపించింది. 2023లో అక్కడి ప్రభుత్వమే వెళ్లిపొమ్మంది. ఆ ఏడాది చివరికల్లా మిషన్ మూటాముల్లె సర్దుకుంది.

ఇదంతా ఎక్కడో జరిగిందిలే అనుకోకండి. మన పాలమూరూ ఇలాంటి శాంతి ప్రయత్నం ఒకటి చూసింది. అక్కడ నీలి టోపీలు లేవు, అంతే.

2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి, నక్సలైట్లకు మధ్య కాల్పుల విరమణ కుదిరింది. ఎస్.ఆర్.శంకరన్ వంటి పెద్దలు ఏళ్ల తరబడి నడిచిన దారి అది. అక్టోబరులో నల్లమల నుంచి నాయకులు బయటికొచ్చారు. హైదరాబాద్‌లో నాలుగు రోజులు చర్చలు జరిగాయి. మేం అప్పుడు బడి పిల్లలం. ఇక భయం లేదంట అని పెద్దవాళ్లు అనుకోవడం నాకు గుర్తుంది.

ఆ మాట మూడు నెలలే నిలిచింది. ఊళ్లలోకి ఆయుధాలతో రావొచ్చా లేదా అన్న దగ్గరే పీటముడి పడింది. ఎన్‌కౌంటర్లు మొదలయ్యాయి. మాట తప్పింది మీరంటే మీరని ఇరువైపులా నిందలు. 2005 జనవరిలో నక్సలైట్లు చర్చల నుంచి తప్పుకున్నారు. ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డిని, ఆయన కొడుకును, మరికొందరిని కాల్చి చంపారు. రెండు రోజులకే ప్రభుత్వం మళ్లీ నిషేధం పెట్టింది. ఇంట్లో గొంతులు మళ్లీ తగ్గాయి. చీకటి పడ్డాక మమ్మల్ని గడప దాటనివ్వలేదు.

మధ్యవర్తులు మంచివాళ్లే. అందరూ గౌరవించినవాళ్లే. కానీ ఎవరు మాట తప్పారో తేల్చి, తప్పినవాళ్లను ఆపే బలం వాళ్ల చేతిలో లేదు. పోరాడేవాళ్లకు ఒకరి మీద ఒకరికి నమ్మకమూ లేదు. నీరటి ఉన్నాడు, ఆయన వెనక ఊరు లేదు.

మొన్న ఫోన్ చేసినప్పుడు తమ్ముడికి ఇదే చెప్పాను. నీలి టోపీలు శాంతిని పుట్టించలేవు, పుట్టిన శాంతిని కాపాడగలవు. ఇరువర్గాలూ విసిగిపోయి ఆగుదామనుకోవాలి. పంపినవాళ్లు సరిపడా మందిని పంపాలి. దెబ్బ తగిలినా వెనక్కి పిలవకూడదు. ఇలాంటి మిషన్లలో దాదాపు 180 మంది మన దేశపు సైనికులు ప్రాణాలు ఇచ్చారు. కాబట్టి ఈసారి అలాంటి వీడియో చూస్తే, ఆ సైనికుడు ఎందుకు కదల్లేదని అడిగే ముందు ఇంకో మాట అడగాలి. ఆయన్ను అక్కడికి పంపినవాళ్లు ఏం చెప్పి పంపారు, ఏమిచ్చి పంపారు?

వాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నాడు. "అంటే అన్నా, తప్పు గట్టు మీదున్నోడిది కాదన్నట్టు."

అన్నిసార్లూ కాదు తమ్మీ. కానీ చాలాసార్లు అంతే.