బత్తాయి తోట మార్పిడి: నేటి మొక్కే రేపటి రాక

దమ్మాయిగూడ: పండ్ల వర్తకులు సాధారణంగా ఈనాటి రాకను, రేపటి ధరను చూసి బేరం చేస్తారు. బత్తాయి విషయంలో మాత్రం ఐదారేళ్ల ముందుచూపు అవసరం. దమ్మాయిగూడ, నాగారం, ఉప్పల్ దుకాణాలకు, రసం బండ్లకు బత్తాయి అనగానే గుర్తుకు వచ్చేది నల్లగొండ సరుకే. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ 2021-22లో బాటసింగారానికి తరలిన తర్వాత, నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా వచ్చే లారీలకు నగరంలోకి రావలసిన పని తప్పింది.

దారి దగ్గరైంది గాని తోటలు ముసలివయ్యాయి. కరువు సంవత్సరాల్లో బోర్లు ఎండి పోయినవి కొన్ని, వేరుకుళ్లు తగిలి కొట్టివేసినవి మరికొన్ని. అటువంటి తోటను తీసి తిరిగి బత్తాయే నాటడమా, పత్తికో వరికో మళ్లడమా అన్నది రైతు ముందున్న సమస్య. తోటపై బయానా ఇచ్చే కమీషన్ వర్తకులకూ, గుత్తకు కొనేవారికీ ఇది పరాయి సమస్య కాదు.

సందుల్లో నాటితే చిక్కే

చచ్చిన చెట్టు తీసి, అదే గుంటలో కొత్త మొక్క పెట్టడం చాలాచోట్ల ఉన్న అలవాటు. కాపు ఆగదన్నది ఇందులోని ఆశ. కాని పాత వేళ్లతోపాటు తెగులు కూడా భూమిలోనే ఉంటుంది. పక్క చెట్టు నీడలో లేత మొక్క ఎదగదు. తోటలో ఒక చెట్టుకు ఒక వయసు, మరొకదానికి మరొక వయసు అయితే కాయ సైజు కుదరదు, గ్రేడింగులో తరుగు పెరుగుతుంది.

ఇంతకంటే తోటను రెండు మూడు భాగాలు చేసుకుని, బాగా దెబ్బతిన్న భాగాన్ని ముందు పూర్తిగా తీసివేయడం మేలు. వేళ్లు ఏరి, ఒక ఏడు జనుము, జీలుగ వంటి పచ్చిరొట్ట వేసి దున్ని, పాత గుంటలు వదిలి కొత్త చోట గుంటలు తీయాలి. మిగిలిన భాగం కాపుతో ఇల్లు గడుస్తుంది, వర్తకునికి సరుకూ అందుతుంది.

పదకొండు వందల పొదుపు

ఆరు మీటర్ల ఎడంతో నాటితే ఎకరానికి సుమారు 110 మొక్కలు పడతాయి. మొక్కకు పది రూపాయలు తక్కువని ఊరూపేరూ లేని నర్సరీలో కొన్నవారికి ఎకరానికి మిగిలేది 1,100 రూపాయలు. అసలు కాపు నాలుగైదేళ్లకు గాని మొదలు కాదు. మొక్క నాసిరకమని అప్పుడు తేలితే ఆ ఏళ్ల ఎరువు, నీరు, కూలి అన్నీ నష్టమే.

సాత్‌గుడి బత్తాయిని జంబేరి కంటే రంగపూర్ నిమ్మ వేరుమూలంపై అంటుకట్టడం మేలని తోటల నిపుణుల సిఫార్సు. ఇది నీటి ఎద్దడిని, ట్రిస్టీజా వైరస్‌ను తట్టుకుంటుంది. జంబేరికి బంక తెగులు బెడద ఎక్కువ. అంటు కట్టిన చోటు మట్టిలో కూరుకుపోరాదు, నీరు మొదలును తాకరాదు. లేత తోటలో పెసర, మినుము, వేరుశనగ వేసుకోవచ్చు. వంగ, మిరప, టమాటా తగవు.

ఫ్లోరిడా అనుభవం

నిర్లక్ష్యం ఖరీదు తెలియాలంటే అమెరికాను చూడవచ్చు. ఫ్లోరిడాలో 2003-04లో నారింజ దిగుబడి 24 కోట్ల పెట్టెలకు పైమాటే. 2005లో అక్కడ గ్రీనింగ్ తెగులు కనిపించింది. తెగులుతోపాటు తుఫానులు కూడా దెబ్బతీయగా, 2023-24 నాటికి దిగుబడి రెండు కోట్ల పెట్టెలకు లోపే. సిల్లా పురుగు ద్వారానూ, తెగులున్న అంటుకొమ్మల ద్వారానూ వ్యాపించే ఈ తెగులు మన దేశంలోనూ ఉన్నది.

వర్తకులు గమనించవలసినది

ఈ ఏడు తోట తీసినచోట ఆరేడేళ్ల వరకు చెప్పుకోదగిన సరుకు ఉండదు. ఆగస్టు నుంచి అక్టోబరు వరకు వచ్చే సీజన్ కాపులోనూ, వేసవి గిరాకీ అందుకునే కత్తెర కాపులోనూ ఈ లోటు కనిపిస్తుంది. కాబట్టి తోటలు తీస్తున్న గ్రామాలను ఇప్పుడే గుర్తించడం లాభదాయకం.

బయానా ఇచ్చేముందు చెట్ల లెక్కతోపాటు వేరుమూలం ఏది, మొక్క ఏ నర్సరీది అన్న రెండు ప్రశ్నలు కూడా అడగాలి. రసీదు చూపగల రైతు తోటకు సొమ్ము పెట్టడంలో భయం తక్కువ. సమాధానం లేనిచోట బయానా తగ్గించుకోవడమే వ్యాపార లక్షణం.