పాత నాణేల ధరలు ఆన్‌లైన్‌లోకి: బేరానికి వెలుగు, సరుకుదారు గుట్టుకు ముప్పు

పాత నాణేల ధరవరలు అచ్చు పుస్తకాల నుంచి ఇంటర్నెట్‌లోకి మారడంతో బంగారం, వెండి వర్తకంలో ఒక కొత్త పరిస్థితి ఏర్పడింది. ముంబయి, బెంగళూరు వేలంపాటలలో పలికిన ధర కొద్ది రోజులలోనే అమలాపురం, రాజోలు, కొత్తపేట దుకాణాలలో ఫోనుపై కనబడుతున్నది. వర్తకానికి ఇది మేలే. కాని ధర చూసుకొనడానికి వెళ్లినవారు తమ వద్ద ఏ నాణేలు ఎన్ని ఉన్నదీ, తమ పేరు, ఊరు, ఫోను నంబరు కూడా అక్కడ అప్పగించి రావడం జరుగుతున్నది. బీరువాలోని సరుకు చిట్టా పరుల కంప్యూటరులోకి చేరుతున్నదన్నమాట. ధర తెలుసుకొనడం వేరు, సరుకు తెలియజేయడం వేరు. ఈ రెంటినీ విడదీసి చూడటం ఇప్పుడు వర్తకులకు, దళారులకు అవసరమైంది.

పుస్తకం నుంచి తెరకు

అమెరికాలో నాణేల వర్తకులు వాడే ‘రెడ్ బుక్’ మొదట 1946లో వెలువడింది. ప్రపంచ దేశాలన్నిటి నాణేలకు ధరలు కట్టిన క్రౌసె సంస్థ కేటలాగు 1972లో ప్రారంభమైంది. క్రౌసె, మిష్లర్ అనే ఇద్దరి పేర్ల మీద ఏర్పడిన ‘కె.ఎం.’ సంఖ్యలే నేటికీ వర్తకులు నాణెం గుర్తుకు చెప్పుకొనే సంఖ్యలు. లావుపాటి ఈ పుస్తకాన్ని కొన్నవాడు తన దుకాణంలో కూర్చుని తిరగవేసేవాడు. అతడు ఏ పేజీ చూచినదీ, ఎన్నిసార్లు చూచినదీ అచ్చువేసినవారికి తెలిసే మార్గం లేదు.

క్రౌసె ప్రచురణలను తన చేతిలోకి తీసుకున్న ఎఫ్ ప్లస్ డబ్ల్యు అనే మాతృసంస్థ 2019లో దివాలా దరఖాస్తు పెట్టింది. అప్పటికే ధరల సేకరణ, ప్రకటన చాలావరకు ఇంటర్నెట్‌కు మారాయి. 2007లో ప్రారంభమైన నుమిస్టా వంటి కేటలాగులను సభ్యులే పోగుచేస్తున్నారు. మన దేశంలో ముంబయికి చెందిన తోడివాలా, బెంగళూరుకు చెందిన మరుధర్ ఆర్ట్స్ వంటి వేలం సంస్థలు తమ కేటలాగులను ఆన్‌లైన్‌లో పెడుతున్నాయి. పుస్తకంలో ధర ఏడాదికొకసారి మారేది. ఇప్పుడు ఒక్క వేలంతోనే మారుతున్నది.

లోహం ధర, సేకరణ ధర

కోనసీమలో పాత నాణేలు ఎక్కువగా వచ్చేది బంగారం, వెండి దుకాణాలకే. అక్కడ బేరం సాధారణంగా తూకం మీద జరుగుతుంది. బ్రిటిష్ సవరను తూకం 7.988 గ్రాములు. 22 కారెట్ల లెక్కన అందులో మేలిమి బంగారం 7.32 గ్రాములు. విక్టోరియా, ఎడ్వర్డు కాలపు వెండి రూపాయి 11.66 గ్రాములు. పన్నెండింట పదకొండు పాళ్లు వెండి కనుక అందులో శుద్ధ వెండి 10.69 గ్రాముల వరకు ఉంటుంది. 1940 నుంచి రూపాయిలో వెండి సగానికి తగ్గింది. కాబట్టి జార్జి రాజు బొమ్మ కనబడినంత మాత్రాన ఒకే ధర కట్టరాదు, సంవత్సరం చూడవలసిందే.

సేకరణదారులు ఇచ్చే ధర ఈ తూకం ధరకు పైమాట. 1939 సంవత్సరపు వెండి రూపాయి అరుదు. దాని కేటలాగు ధరకూ లోహం ధరకూ పొంతనే ఉండదు. అందువల్ల నకిలీలూ ఎక్కువే. 1918లో బొంబాయి టంకశాలలో కొట్టిన సవరన్లపై సంవత్సరానికి పైన ‘ఐ’ అనే ఇంగ్లీషు అక్షరం సన్నగా ఉంటుంది. అది చూడకుండా మూసలో వేసిన దుకాణదారు సేకరణదారులు ఇచ్చే అదనపు ధర పోగొట్టుకున్నట్లే. కాగా, కాసులపేరులో గుచ్చడానికి కొక్కెం అతికిన సవరనుకు సేకరణ ధర బాగా పడిపోతుంది. చింతపండుతో తోమి మెరుగుపెట్టిన నాణేనికీ అదే గతి.

కేటలాగు ధర కూడా కొనేవాడు దుకాణంలో చెల్లించే ధరకు అంచనా మాత్రమే. అమ్మవచ్చినవారికి అంత మొత్తం రాదు. అమ్మేవారు అడిగే ధర, వేలంలో నిజంగా పలికిన ధర వేర్వేరు. ఫోనులో లక్షల రూపాయలు అని కనబడే ధరలలో అధిక భాగం అడిగే ధరలే.

ఈ ప్రాంతానికి కలిగిన లాభం

వశిష్ఠ గోదావరికి ఆవలి ఒడ్డున నరసాపురం, పాలకొల్లు డచ్చివారి పూర్వపు స్థావరాలు. గౌతమి పక్కన యానాం 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్నది. కనుక వి.ఓ.సి. ముద్రగల డచ్చి రాగి డుయిట్లు, ఫ్రెంచి నాణేలు ఈ ప్రాంతంలో కనబడటంలో వింత లేదు. వెనుక ఇటువంటివి వస్తే ధర చెప్పగల మనిషి కోసం పెద్ద పట్నాలకు కబురు పెట్టవలసి వచ్చేది. ఇప్పుడు డచ్చి డుయిట్ సామాన్యమైన సరుకేనని, దానికి వేలు పోయనక్కరలేదని నిమిషంలో తేలుతున్నది. 1818 అని సంవత్సరం వేసి, ఈస్టిండియా కంపెనీ పేరుతో రామ పట్టాభిషేకం ముద్రించిన బిళ్లలు కంపెనీ టంకశాల సరుకు కావన్న సంగతి కూడా కేటలాగులవల్ల అందరికీ తెలిసివస్తున్నది. అమ్మవచ్చిన ఇల్లాలికి న్యాయమైన ధర రావడానికీ, కొన్న దుకాణదారు మోసపోకుండా ఉండటానికీ ఇది తోడ్పడుతుంది.

దళారీ సంగతి వేరు. ఎవరింట ఏ సరుకున్నదో, ఎవరికి ఏది కావాలో తెలిసి ఉండటమే అతని పెట్టుబడి. ఆ తెలివిడిని అతడు నోట దాచుకొనేవాడు. ఇప్పుడు అదే సమాచారం సభ్యుల జాబితాల రూపంలో వెబ్‌సైట్ల వద్ద పోగవుతున్నది. అమ్మేవానికి, కొనేవానికి అవి నేరుగా ముడిపెట్టగలవు.

గుట్టు బయటపడే తీరు

ఆన్‌లైన్ కేటలాగులలో సభ్యుడు తన నాణేలను గుర్తుపెట్టుకొంటే మొత్తం విలువ దానంతటదే లెక్కతేలుతుంది. సౌకర్యం గొప్పదే. కాని ఆ జాబితా అందరికీ కనబడేటట్లు వదిలివేస్తే, ఫలానా ఊళ్లో ఫలానా వ్యక్తి వద్ద ఇంత విలువైన సరుకున్నదని చాటింపు వేసినట్లే. ఫోనుతో తీసిన ఫోటోలో తీసిన చోటు గుర్తు కూడా నమోదు కావచ్చు. ఆ సదుపాయం ఆపకుండా ఫోటోను నేరుగా పంపితే ఇంటి జాడ దానితోపాటే వెళ్లే అవకాశం ఉంటుంది. అమ్మకపు ప్రకటనలో ఇచ్చిన ఫోను నంబరు ప్రకటన తీసివేసిన తర్వాత కూడా చేతులు మారుతూనే ఉంటుంది. గల్ఫులో ఉద్యోగం చేసే కుమారులు, ఊళ్లో వృద్ధులైన తల్లిదండ్రులు ఉన్న ఇళ్లకు ఇది చిన్న విషయం కాదు.

విలువైన సొత్తు కలవారి జాబితా పొక్కితే ఏమగునో 2020లో రుజువైంది. బిట్‌కాయిన్ తాళాలు దాచుకొనే పరికరాలు అమ్మే లెడ్జర్ అనే ఫ్రెంచి సంస్థ ఖాతాదారుల వివరాలు చోరీ అయ్యాయి. ఆ ఏడాది డిసెంబరులో సుమారు 2,70,000 మంది పేర్లు, చిరునామాలు, ఫోను నంబర్లు బయటపడ్డాయి. చోరీ అయినది జాబితాయే గాని పరికరాలలోని సొత్తు కాదు. అయినప్పటికీ చాలామందికి బెదిరింపులు, మోసపు లేఖలు వచ్చాయి. నాణేల సేకరణదారుల జాబితాకూ ఇదే ప్రమాదం వర్తిస్తుంది.

మన దేశంలో మోసం మరొక దారిలో నడుస్తున్నది. పాత నాణెం అమ్మకానికి ప్రకటన ఇచ్చినవారికి ఫోను చేసి, లక్షలు ఇస్తామని ఆశ చూపి, ముందుగా పన్ను, రుసుము, కమీషను కట్టమని అడుగుతారు. కొందరు రిజర్వు బ్యాంకు పేరు కూడా వాడుకున్నారు. పాత నాణేలు, నోట్ల లావాదేవీలతో తనకు సంబంధం లేదని, అటువంటి రుసుములు తాను ఎన్నడూ అడగనని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటన చేసింది.

చట్టం కోరే లెక్క

గుట్టు కాపాడుకొనడమంటే లెక్కలు దాచడం కాదు. జి.ఎస్.టి. బిల్లు, పెద్ద లావాదేవీలకు పాన్ వివరం వంటివి చట్టం కోరేవి. వాటిని ఇవ్వక తప్పదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు నిండిన నాణెం పురావస్తువు. అంటే విక్టోరియా, ఎడ్వర్డు రూపాయలన్నీ, అయిదవ జార్జి రూపాయలూ ఆ పరిధిలోకి వచ్చాయి. పురావస్తువుల అమ్మకాన్ని వ్యాపారంగా చేయదలచినవారు లైసెన్సు పొందవలసి ఉంటుంది. వీటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపరాదు. పంపితే ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలుశిక్ష ఉన్నది. విదేశీ వెబ్‌సైటులో బేరం కుదిరిందని పార్సెలు కట్టేవారు ఈ సంగతి మరువరాదు. తోటలోనో పునాదిలోనో దొరికిన నాణేలకు 1878 నాటి నిధుల చట్టం వర్తిస్తుంది. పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి.

చట్టం గుట్టుకు రక్షణ కూడా కల్పిస్తున్నది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. కంప్యూటరులో ఉండే వ్యక్తిగత వివరాల రక్షణకు 2023లో చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో ప్రకటితమయ్యాయి. ముఖ్యమైన బాధ్యతల అమలుకు 18 నెలల గడువు ఇచ్చారు. ఇది పెద్ద వెబ్‌సైట్లకే పరిమితం కాదు. ఖాతాదారు ఆధార్ కార్డును ఫోనులో ఫోటో తీసి ఉంచుకొనే దుకాణానికీ బాధ్యత ఉన్నది. ఏ పనికి తీసుకున్న వివరం ఆ పనికే వాడాలి, అవసరం తీరిన తర్వాత తొలగించాలి.

వర్తకులు పాటించదగినవి

ధర చూడటానికి చాలాచోట్ల సభ్యత్వం అక్కరలేదు. సంవత్సరం, టంకశాల గుర్తు, తూకం తెలిస్తే చాలు. సభ్యత్వం అవసరమైనచోట సొంత పేరు, ఊరు బహిరంగంగా కనబడకుండా అమర్చుకోవాలి. సరుకు జాబితాను దుకాణపు ఆవర్జాలోనే వ్రాసి ఉంచుకొనడం క్షేమం. ఖాతాదారు నాణేన్ని అతని అనుమతి లేకుండా వాట్సాప్ గుంపులలో తిప్పరాదు. ఒక ఫోటో పది చేతులు మారిన తర్వాత, ఆ నాణెం ఎవరింటిదన్న ప్రశ్న వచ్చి తీరుతుంది. ఒకసారి గుట్టు పోయిన దుకాణానికి మరుసటి కాసులపేరు రాదు.

పాత ధరల పుస్తకాన్ని అవతల పారవేయడం కూడా తొందరపాటే. 2022 మే 24 నాటి అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలో ఇంటర్నెట్ కొన్ని రోజులపాటు నిలిపివేశారు. అటువంటి రోజులలో తెరమీద ధర అందదు. పుస్తకంలోని ధర పాతదే కావచ్చు గాని నాణెం గుర్తు, తూకం, లోహం పాలు మారవు. అవి పుస్తకంలో చూసి, ఆ రోజు లోహం ధరను ఫోనులో విచారించుకొని బేరం కుదుర్చుకొనవచ్చు.